నువ్వు తీసేసిన నలభై పేజీల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ జీవితం గురించి రాసుకున్న రాతప్రతి కట్ట పోయిన వారం అందింది. మీ అమ్మ ఎస్టీడీ బూత్‌లో నిలబడి, రిసీవర్ చెవికి ఆనించి, కళ్ళు మాత్రం మీటర్‌లో తిరిగే ఎర్ర అంకెల మీదే పెట్టి మాట్లాడిన పేజీ చాలా బాగుంది. అంకె పద్దెనిమిది దాటగానే మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం, కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టడం, బూత్ అబ్బాయి "రెండు రూపాయలు ఉండనీండమ్మా" అంటే ఆవిడకి కోపం రావడం. అంత దగ్గరగా చూడగలిగిన పిల్లవి నువ్వు.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను. రాతప్రతి మీద పిన్ను కొట్టి పంపిన ఉత్తరంలో ఇలా రాశావు: "పెద మావయ్య గురించి రాసిన నలభై పేజీలు తీసేశాను మాస్టారూ. ఆస్ట్రేలియా రచయిత పాట్రిక్ వైట్ ఆత్మకథ మీద వచ్చిన విమర్శలు చదివాక భయమేసింది. నోబెల్ వచ్చిన మనిషినే కక్షలు తీర్చుకున్నాడని తిట్టారు. నన్ను బతకనిస్తారా?"

ఆ పుస్తకం చదివావా అమ్మా? చదివినట్టు లేదు. నీ ఉత్తరంలో ఉన్నదంతా ఎవరో ఏదో అన్నారన్నదే. చిత్రకారుడు నోలన్‌ని వైట్ ఏమన్నాడో నీకు తెలుసు. ఆ మాట పుస్తకంలో ఎక్కడ వస్తుందో, దానికి ముందు ఎన్ని పేజీలు ఆయన తన మీద తాను రాసుకున్నాడో తెలియదు. సమీక్ష చదివి పుస్తకానికి భయపడ్డావు. ఈ జబ్బు మన దగ్గర బాగా ముదిరింది. ఆవిష్కరణ సభలో ముగ్గురు మాట్లాడతారు. అందులో ఇద్దరు ముందుమాట మాత్రం తిరగేసి వస్తారు. మర్నాడు పేపర్లో వాళ్ళ మాటలే పడతాయి. ఆ నాలుగు ముక్కలు చదివి జనం పుస్తకం మంచిదో చెడ్డదో తేల్చేసుకుంటారు. నా మొదటి కథల పుస్తకానికి ఇదే జరిగింది. అందులో లేని కథ గురించి ఒకాయన పావుగంట మాట్లాడాడు. వేదిక మీద కూర్చుని విన్నాను. ఇప్పటికీ ఆ పావుగంట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

సరే, వైట్ సంగతి వివరంగానే చెప్తాను. నువ్వు భయపడింది దానికే కాబట్టి.

ఆయన ఆత్మకథ పేరు "ఫ్లాస్ ఇన్ ద గ్లాస్". 1981లో లండన్‌లో జోనథన్ కేప్ వాళ్ళు వేశారు. అప్పటికి ఆయనకి 69 ఏళ్ళు. నోబెల్ వచ్చి ఎనిమిదేళ్ళు గడిచాయి. సిడ్నీలో సెంటెనియల్ పార్క్ దగ్గర మార్టిన్ రోడ్డులో కాపురం. సన్మానాలంటే పడని మనిషి. 1973లో నోబెల్ ప్రకటించిన రాత్రి విలేఖరులు వచ్చి తలుపులు బాదుతుంటే పక్క మీంచి లేవలేదు. స్టాక్‌హోమ్‌కీ వెళ్ళలేదు. ఆయన తరఫున వెళ్ళి బహుమతి అందుకున్నది సిడ్నీ నోలన్. ఆస్ట్రేలియాలో అంత పేరున్న చిత్రకారుడు ఇంకొకడు లేడనుకునే రోజులవి. వైట్ నవల "వాస్"కి అట్ట మీద బొమ్మ వేసింది కూడా ఆయనే. అంటే ఎంత దగ్గరివాళ్ళో చూడు.

1976లో నోలన్ భార్య సింథియా లండన్‌లో ఆత్మహత్య చేసుకుంది. ఆమె కూడా రచయిత్రే. వైట్‌కి ఆమె అంటే ప్రాణం. 1978లో నోలన్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆత్మకథలో వైట్ దీన్ని ఎత్తుకున్నాడు. ఆమె బూడిద చల్లారకముందే ఇంకో ఆడమనిషి గుండెల మీద వాలాడన్న అర్థంలో రాశాడు. పత్రికలకి ఇంకేం కావాలి? పుస్తకం గొడవంతా చాలావరకు ఆ కొద్ది వాక్యాల చుట్టూనే తిరిగింది. నోలన్ ఊరుకోలేదు. బొమ్మలతో జవాబిచ్చాడు. తర్వాత ఆ ఇద్దరికీ మాటల్లేవు. 1975లో ఆస్ట్రేలియా ప్రధాని విట్లామ్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసిన గవర్నర్ జనరల్ జాన్ కెర్‌ని కూడా వైట్ వదల్లేదు. సమీక్షకులు రెండుగా చీలారు. తన గురించి ఇంత నిర్దయగా నిజం రాసుకున్నవాళ్ళు అరుదని కొందరన్నారు. ఇదంతా చేదు, కక్ష, మనుషుల మీద అసహ్యం అని కొందరన్నారు. పుస్తకం మాత్రం బాగా అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళలో చాలామంది ఎవరి పేరు ఏ పేజీలో ఉందో వెతుక్కున్నవాళ్ళే అయ్యుంటారు.

నువ్వు ఇక్కడ ఆగిపోయావు. నేను ఇక్కడే మొదలుపెడతాను.

ఇన్నేళ్ళ రాతలో నాకు ఒక్క నమ్మకం గట్టిగా నిలిచింది. దాని మీద నేను ఎవరితోనైనా దెబ్బలాడతాను. నీ జీవితం రాసేటప్పుడు ఎదుటిమనిషి తప్పు రాయొచ్చు. ఎంత కటువుగానైనా రాయొచ్చు. కానీ ఆ తప్పు జరిగినప్పుడు ఆ గదిలో నువ్వెక్కడ నిలబడి ఉన్నావో కూడా అదే కటువుతనంతో రాయాలి. నిన్ను నువ్వు చూపించుకోని చోట నీకు తీర్పు చెప్పే హక్కు లేదు. చూపించుకున్న చోట నిన్ను ఆపే హక్కు ఎవడికీ లేదు.

ఈ లెక్కన వైట్ పుస్తకం చదువు. నోలన్ మీద రాసిన వాక్యాలు నాకూ నచ్చవు. అవి కటువుగా ఉన్నాయని కాదు. సింథియా పోయిన దుఃఖం వాటి అడుగున ఉంది, నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ దుఃఖంలో తానేమయ్యాడో రాయకుండా, నేరుగా తీర్పు చెప్పేశాడు. అక్కడ ఆయన వేలు మాత్రమే కనపడుతుంది, మనిషి కనపడడు. విమర్శకులు దొరకబుచ్చుకున్నది ఆ వేలునే. దొరకబుచ్చుకోవడం సులువు కూడా. కానీ పుస్తకమంతా అలా ఉందా?

ఉదాహరణకి బురదలో పడిన పేజీ చూడు. అంతకుముందు సంగతి తెలియాలి నీకు. యుద్ధం అయ్యాక ఆస్ట్రేలియా తిరిగొచ్చి, సిడ్నీకి బయట కాజిల్ హిల్ అనే చోట చిన్న పొలం కొనుక్కున్నారు ఆయనా, ఆయన సహచరుడు మనోలి లాస్కారిసూ. కూరగాయలు, పూలు, పాలు అమ్మేవాళ్ళు, కుక్కల్ని పెంచేవాళ్ళు. 1948లో వచ్చిన "ద ఆంట్స్ స్టోరీ"ని సొంత దేశం పట్టించుకోలేదు. ఇక రాయనేమో అనుకున్నాడు. అలాంటి రోజుల్లో విడవకుండా వానలు. కుక్కపిల్లలకి తిండి గిన్నెలు పళ్ళెంలో పెట్టుకుని వెళ్తూ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. గిన్నెలన్నీ నలుదిక్కులకీ ఎగిరిపోయాయి. వాన కళ్ళల్లో పడుతోంది, వేసుకున్న పాత రెయిన్‌కోటు కంపు కొడుతోంది. అక్కడే పడుకుని, తాను నమ్మని దేవుణ్ణి తిట్టాడు. తిట్టి తిట్టి, చివరికి తన నిస్సహాయతకి తనకే నవ్వొచ్చింది. తన విశ్వాసం అక్కణ్ణించి మొదలైందంటాడు. ఆ తర్వాత వచ్చిన నవల "ద ట్రీ ఆఫ్ మాన్". ఇంగ్లీషు నవల చదివేవాళ్ళెవరూ వదిలేయలేని పుస్తకం అది.

ఆ పేజీలో పేరున్నవాళ్ళెవరూ లేరు. అందుకే ఏ గొడవలోనూ అది లేదు. నా దృష్టిలో ఆత్మకథ అంతా ఆ పేజీ కోసమే రాసినా సరిపోతుంది.

మనోలి గురించి రాసినదీ అంతే. 1941లో, యుద్ధకాలంలో, అలెగ్జాండ్రియాలో కలిశారు. 1990లో వైట్ పోయేదాకా కలిసే ఉన్నారు. పుస్తకం వచ్చిన 1981 నాటికి, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మగవాళ్ళ మధ్య ఆ సంబంధం చట్టం కళ్ళకి నేరమే. చట్టం మారింది 1984లో. నేరమని తెలిసీ, అదే రాష్ట్రంలో అదే ఇంట్లో ఉంటూ, ఆ మనిషి తన జీవితానికి నడిబొడ్డు అని రాశాడు. దాన్ని కొందరు "బయటపెట్టాడు" అని వార్తగా చదివారు. నాకు అంతకంటే పెద్దదిగా కనపడేది ఏమిటంటే, ఆ కాపురంలో ఓర్పు ఎవరిదో, కోపం ఎవరిదో దాచకపోవడం. ఓర్పు మనోలిది. కోపం, అనుమానం, అహంకారం తనవి. చిన్నప్పుడు తల్లిదండ్రుల కంటే తనని పెంచిన దాది లిజ్జీ క్లార్క్‌నే ఎక్కువ ప్రేమించానని ఒప్పుకున్నాడు. 13 ఏళ్ళకి ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్ బడిలో దింపి వెళ్ళిపోయిన అమ్మానాన్నల్ని క్షమించలేదు. క్షమించలేని తన గుణాన్ని కూడా అక్కడే పెట్టాడు. అక్కడ ఆయనకి హక్కుంది.

ఇప్పుడు నీ రాతప్రతి.

మావయ్యని తీసేశాక ఏం మిగిలిందో నువ్వు మళ్ళీ చదువుకున్నావా? అందరూ మంచివాళ్ళే మిగిలారు. చింతచెట్టు మిగిలింది, ఆవకాయ జాడీలు మిగిలాయి, వేసవి సెలవులు మిగిలాయి. ఇప్పుడు ఇదే నడుస్తోంది కదా. ఆదివారం అనుబంధాల్లో, ఫోన్లలో, ఎక్కడ చూసినా అమ్మమ్మ ఇల్లే. ఆ ఇంటి మీద వాటా కోసం ఎవరూ కోర్టుకెక్కినట్టు ఉండదు. ఏ కోడలూ ఏడ్చినట్టు ఉండదు. చదివినవాళ్ళు "మా బాల్యం గుర్తొచ్చింది" అంటారు. నేను ఆ రాతల్ని ద్వేషిస్తాను. ఈ మాట పదిమందిలో కూడా అంటాను. పంపకాలప్పుడు రెండు వంటిళ్ళయిన ఇల్లు ఎరగని తెలుగు కుటుంబం ఏది?

నీ బూత్ పేజీకే వద్దాం. మీ అమ్మ ఫోన్ చేసింది ఎవరికి? ఇప్పుడున్న ప్రతిలో తెలియదు. ఫోన్ పెట్టేసి, ఇంటికొచ్చే దారిలో పంపు దగ్గర ఆగి మొహం కడుక్కుంది. ఎందుకు? తెలియదు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఆవిడ ఫోన్ చేసింది మీ మావయ్యకి. అడిగింది అమ్మమ్మ పేరున ఉన్న పొలంలో తన వాటా గురించో, నగల గురించో. ఆ నలభై పేజీలు లాగేసేసరికి ఆ ఫోను అవతల మనిషే లేకుండా పోయాడు. పద్దెనిమిది రూపాయలూ ఎవరితో మాట్లాడింది మీ అమ్మ?

ఇంకోటి. అయిదో అధ్యాయంలో, నీకు తెలియకుండా ఒక వాక్యం ఉండిపోయింది. "ఇంటర్ ఫీజు పెద మావయ్య కట్టాడు" అని. తర్వాత ఎక్కడా దాని ఊసు లేదు. ఆ ముక్క చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. అమ్మ వాటా అడుగుతూ ఒకవైపు ఏడుస్తోంది. కూతురు అదే మనిషి డబ్బుతో కాలేజీకి వెళ్తోంది. ఆ ఫీజు ఎవరి సొమ్ము? మీ అమ్మ వాటాలోదే కావచ్చు, నిజంగానే ఆయన ప్రేమ కావచ్చు, రెండూ కావచ్చు. అప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావో ఆ వాక్యం చెప్తోంది. నీ పుస్తకం అక్కడుంది. చింతచెట్టు దగ్గర లేదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. మా నాయనమ్మ చివరి రోజుల్లో పెదనాన్న ఇంట్లో పంచలో నులక మంచం మీద పడి ఉండేది. ఎండాకాలం. లోపల ఫ్యాన్ ఉన్న గది ఒక్కటే. దాన్ని నాకిచ్చారు, పదో తరగతి పరీక్షలని. అంతకుముందు ఆ గది ఆవిడది. ఏళ్ళ తర్వాత దాని మీద కథ రాశాను. పెదనాన్న ఎలా మాట్లాడేవాడో, పెద్దమ్మ మజ్జిగ గిన్నె ఎలా నేల మీదికి తోసేదో, ఫ్యాన్ కింద పడుకున్న కుర్రాడికి బయటి నుంచి దగ్గు ఎలా వినిపించేదో, వినపడకుండా తలుపు ఎలా వేసుకున్నాడో, అన్నీ రాశాను. ఒక వారపత్రికకి పంపాను. వేశారు. కానీ తలుపు వేసుకున్న పేరా మొత్తం కోసేశారు. ఎందుకని అడిగితే, "కథానాయకుడి మీద పాఠకులకి సానుభూతి పోతుందండీ" అన్నాడు సంపాదకుడు. ఆయన ముఖం చూసి ఏం మాట్లాడాలో నాకు తోచలేదు.

పెదనాన్న కొడుకు ఆ పత్రిక చుట్టి చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా అమ్మని రాశావు, మా నాన్నని రాశావు. ఆ ఫ్యాను కింద పడుకున్నదెవడ్రా?" అన్నాడు. నేను లోపలికెళ్ళి చేతిరాత ప్రతి తెచ్చిచ్చాను. గుమ్మంలో నిలబడే చదివాడు. "మరి ఇది ఎందుకు వెయ్యలేదు?" అన్నాడు. కథ పుస్తకంలో చేర్చినప్పుడు ఆ పేరా తిరిగి పెట్టాను. అయినా వాడు నాతో మళ్ళీ సరిగా మాట్లాడలేదు. అది వాడి హక్కు. నేను వాడికి చెప్పగలిగింది ఆ ప్రతిలో ఉంది.

నలభై పేజీల్నీ నవలగా మార్చేస్తే గొడవ ఉండదా అని అడిగావు. ఉంటుంది. ఆస్ట్రేలియా సంగతే చెప్తాను, నువ్వు ఎలాగూ అక్కడికే వెళ్ళావు కాబట్టి. మైల్స్ ఫ్రాంక్లిన్ అనే అమ్మాయి నీకంటే చిన్న వయసులో "మై బ్రిలియంట్ కెరీర్" నవల రాసింది. 1901లో వచ్చింది. కల్పనే అని ఆమె మొత్తుకున్నా చుట్టాలు, ఇరుగుపొరుగు అందులో తమని వెతుక్కున్నారు, దొరికామనుకున్నారు, నొచ్చుకున్నారు. ఆమె ఎంత నలిగిపోయిందంటే ఆ నవలని మళ్ళీ అచ్చు కానివ్వలేదు. ఆమె పోయాకే మళ్ళీ బయటికొచ్చింది. ఆమె ఆస్తితో పెట్టిన బహుమతి మొదటిసారి, 1957లో, వచ్చింది వైట్ రాసిన "వాస్"కే. కాబట్టి పేరు మార్చి, ఊరు మార్చి, మావయ్యని బాబాయిని చేసి తప్పించుకుందామని చూడకు. మీ వాళ్ళు గుర్తుపడతారు. పాఠకులకి మాత్రం పట్టుదొరకదు.

విమర్శకులంటే భయం అన్నావు. వాళ్ళ మాట ఎంతకాలం ఉంటుందో కూడా చూడు. "ద ట్రీ ఆఫ్ మాన్" మీద 1956లో సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్‌లో ఎ.డి. హోప్ సమీక్ష రాశాడు. హోప్ అంటే ఆ దేశంలో పెద్ద కవి. ఆ నవల భాషని డాంబికపు, చదువురాని మాటల బురద అన్నాడు. వైట్ ఆ దెబ్బ జీవితాంతం మర్చిపోలేదు. నొప్పి ఉండదని నీకు అబద్ధం చెప్పను. కానీ ఆ నవల ఇప్పటికీ చదువుతున్నారు. సంపాదకుల సంగతి చెప్పాలంటే, 2006లో అక్కడి పత్రిక ఒకటి వైట్ నవల "ది ఐ ఆఫ్ ద స్టార్మ్"లో ఒక అధ్యాయం తీసి, రచయిత పేరు అక్షరాలు తారుమారు చేసి, ప్రచురణకర్తలకీ ఏజెంట్లకీ పంపింది. ఒక్కరూ వేస్తామనలేదు. నోబెల్ వచ్చిన 1973లోనే వెలువడిన నవల అది! ఈ వార్త చదివిన రోజు నాకు ఆశ్చర్యం కలగలేదు. మనకీ ఉన్నారు అలాంటివాళ్ళు, ఇన్ని మాటలకి మించి పంపొద్దని నియమం పెట్టి, ఆ మాటలు కూడా చదవనివాళ్ళు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. వైట్ చివరి రోజుల్లో డేవిడ్ మార్ ఆయన జీవితచరిత్ర రాశాడు. అచ్చుకి ముందు ఆ ప్రతిని ఆయన చేతికే ఇచ్చాడు. మనుషుల మీద అంత కటువుగా రాసినవాడు, తన మీద ఇంకొకడు రాసింది చదవాల్సి వచ్చింది. చదువుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఒక్క వాక్యం తీసేయమని అడగలేదు. 1990లో ఆయన పోయాడు, 1991లో ఆ పుస్తకం వచ్చింది. కక్ష తీర్చుకునేవాడు అలా చేస్తాడా? నువ్వు చదివిన సమీక్షలు వచ్చేటప్పటికి ఇదేదీ జరగలేదు. ఇప్పుడు చదివేదానివి నువ్వు. నీకు ఇది తెలిసి ఉండాలి.

ముద్రాపకులెవరు, ఎన్ని పేజీలుండాలి, ముందుమాట ఎవరితో రాయించుకోవాలి అని అడిగినవాటికి ఇప్పుడు జవాబివ్వను. పుస్తకం లేకుండా ఆ ప్రశ్నలకి అర్థం లేదు.

ఆ నలభై పేజీలూ పంపు. ఫోన్లో వద్దు, నేను అందులో చదవలేను. ప్రింట్ తీసి, ఒకవైపే, లైన్ల మధ్య కాస్త చోటుంచి పంపు. పంపేముందు ఒక పని చెయ్యి. వాటిలో ఇంటర్ ఫీజు ఎక్కడొస్తుందో వెతుకు. వస్తే, మావయ్య ఆ డబ్బు చేతిలో పెట్టిన రోజు నువ్వేమన్నావో, మీ అమ్మ ఎక్కడుందో, అది కూడా ఉందేమో చూడు. ఉంటే ఒక్క అక్షరం మార్చకుండా పంపు. లేకపోతే ముందు అది రాసి, తర్వాత పంపు. వైట్ పుస్తకం నా దగ్గరున్న ప్రతి కొరియర్‌లో వేస్తున్నాను. అంచుల మీద నా పెన్సిల్ గీతలుంటాయి, పట్టించుకోకు. నీకు నువ్వుగా చదువు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు